చెవి వెనక ఎర్రరంగు

నా చిన్నప్పుడు మా ఊరికి ఏటా భాగోతం ఆడేవాళ్లు వచ్చేవారు. మాది జగదేవ్‌పూర్ దగ్గర పల్లె. వచ్చినప్పుడల్లా మా కొట్టంలోనే దిగేవారు. వాళ్లలో రాక్షసుడి వేషం కట్టే తాత ఒకాయన ఉండేవాడు. పొద్దంతా మాతో చింతగింజల ఆట ఆడే ఆ మనిషి, మొహానికి ఎర్రరంగు పూసుకుని పళ్లు కొరికితే పెద్దవాళ్లు కూడా వెనక్కి జరిగేవారు. "రంగు పడ్డంక ఆయన ఆయన కాదు బిడ్డా" అని మా అమ్మ చెప్పేది. నేను ఆ మాట అచ్చంగా నమ్మేశాను.

నాకు ఎనిమిదేళ్లు, తమ్ముడికి నాలుగు. వాడు పుట్టాక అమ్మ ఒడి నాది కాకుండా పోయింది. వాడంటే ఎంత కుళ్లు ఉండేదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గెందుకు? ఓ మధ్యాహ్నం తాత చిప్పలోని రంగు దొంగిలించి మొహానికి పూసుకున్నాను. నాలో ఇంకెవరో లేచి నిలబడ్డట్టే అనిపించింది. దాగుడుమూతలని చెప్పి తమ్ముణ్ని వెనక అర్రలోని ఖాళీ వడ్ల గుమ్మిలోకి దించి, మూత వేసి, మీద గోనెసంచులు కప్పాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. నేను నీళ్ల గోలెం దగ్గరికెళ్లి మొహం కడుక్కున్నాను. ఆ పని రాక్షసుడిది, నాది కాదనుకున్నాను. ఎంత హాయిగా ఉందో! కూర్చుని అన్నం కూడా తిన్నాను.

కాసేపటికి వెతుకులాట మొదలైంది. అమ్మ బావి గట్టున కూలబడి గుండెలు బాదుకుంటోంది. నాయిన తాడు పట్టుకుని బావిలోకి దిగుతున్నాడు. చేసింది నేను కాదు కదా, నేనెట్లా చెప్పాలి? అర్రలోంచి ఏడుపు కూడా వినిపించడం లేదు.

అప్పుడు తాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆటకు తయారవుతూ మధ్యలో లేచొచ్చినట్టున్నాడు, సగం మొహానికే రంగు ఉంది. నావైపున్నది రాక్షసుడి సగం. నా చెవి వెనక వేలితో తుడిచి చూపించాడు. వేలు ఎర్రగా ఉంది.

"ఒకపారి ఆటల నా కొడుకును నిజంగనే కొట్టిన బిడ్డా. అందరు రాక్షసుడు కొట్టిండన్నరు. రంగు కొట్టలే, నేనే కొట్టిన," అన్నాడు మెల్లగా. "తమ్ముడేడి?"

నేనే దాచానని వెక్కుతూ చెప్పాను. గుమ్మిలోంచి తీసేసరికి వాడు చెమటతో తడిసి తోటకూర కాడలా వేలాడిపోయాడు. ఎన్ని నీళ్లు చల్లాక కళ్లు తెరిచాడో!

అమ్మ కొట్టిన దెబ్బలు ఎప్పుడో మరిచిపోయాను. మొహం కడుక్కున్నాక కలిగిన ఆ హాయిని తలచుకుంటే మాత్రం, మనవలు పుట్టిన ఈ వయసులోనూ ఒళ్లు జలదరిస్తుంది. తమ్ముడు ఇప్పటికీ తలుపు మూసిన గదిలో పడుకోడు. ఎందుకని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాడు. నేను ఊరుకోను. "నేనే మూసిన" అని చెప్తాను.