పని కాదు, సాయం

మొన్న మేముండే కాపెల్‌లో మా అమ్మాయి స్కూల్లో విక్టోరియా రాణి కాలపు పిల్లల వేషాలు వేయించారు. మా అమ్మాయికి పొగగొట్టాలు తుడిచే కుర్రాడి వేషం వచ్చింది. బుగ్గలకు మసి కావాలంది. మా ఇంట్లో మసి ఎక్కడిది, మమ్మల్ని చూడటానికి వచ్చిన మా అక్కయ్య తన కాటుక తీసి అద్దింది. ఆ వేళ్ళను చూస్తుంటే, ఎనభైల మొదట్లో మా నాన్నగారు టెక్సస్‌లో హైవే పక్కన నడిపిన మోటెల్ గుర్తొచ్చింది.

ఆఫీసు వెనక గదుల్లోనే మా కాపురం. బడికి వెళ్ళేముందు అక్కయ్యా నేనూ ఖాళీ అయిన గదులు సర్దేవాళ్ళం. దానికో వరస ఉండేది: ముందు కిటికీ తెరవాలి, తరవాత మాసిన దుప్పట్లు లాగాలి, ఆపైన తువ్వాళ్ళు, సబ్బులు, చివరికి ఉతికిన దుప్పటి పరిచి మూలలు మడవాలి. మూలలు మాత్రం అక్కయ్య నాకు వదిలేది కాదు. ఆమె మడిస్తే కాగితం మడతల్లా ఉండేవి. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో పొద్దున మిల్లులో పనిచేసి, మధ్యాహ్నం బడిలో కూర్చుని కునికే పిల్లల్ని హాఫ్‌టైమర్లు అనేవారని ఆమె చరిత్ర క్లాసులో విని వచ్చింది. "ఒరే, మనకి ఎప్పుడో పేరు పెట్టేశార్రా" అని దుప్పట్ల బండి తోస్తూ నవ్వింది. అప్పటినుంచి నేను సబ్బు పెట్టడం మరిచిపోతే, "ఏం హాఫ్‌టైమరూ, జీతం కోసెయ్యనా?" అని ఏడిపించేది.

ఆ ఏడాది ఫిజిక్స్ టీచరమ్మ అక్కయ్యను యూనివర్సిటీ వారి వేసవి క్లాసులకు ఎంపిక చేసి, ఆ కబురు చెప్పడానికి స్వయంగా మోటెల్‌కి వచ్చింది. వేసవంటే మా గదులు నిండే కాలం. అక్కయ్య వెళితే మనిషిని పెట్టుకోవాలి, ఆ స్తోమత మాకు లేదు. అది ఊహించే కాబోలు, పని మానుకుని వచ్చే పిల్లల ఇళ్ళకు ఆ జీతం యూనివర్సిటీ వారే ఇస్తారని, అమ్మాయి ఇక్కడ పనిచేస్తుందని ఒక్క మాట చెబితే చాలని ఆవిడ అంది. నాన్నగారి ముఖం మాడిపోయింది. మన తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, పని అంటే కూలికి చేసేది. కన్నకూతురి చేత పని చేయిస్తున్నానని పరాయి మనిషి ముందు ఏ తండ్రి ఒప్పుకుంటాడు? "నో వర్క్ మేడమ్. షి ఈజ్ మై డాటర్. ఓన్లీ హెల్ప్" అన్నారు. టీచరమ్మ అక్కయ్య వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. దుప్పట్ల కట్ట గుండెలకు ఆనించుకుని నిలబడ్డ అక్కయ్య నాన్నగారి ముఖం చూసి, అవునన్నట్టు తల ఊపింది.

ఆ వేసవంతా ఆమె మూలలు మడుస్తూనే ఉంది. హాఫ్‌టైమర్ అన్న మాట మళ్ళీ ఆమె నోట రాలేదు. నేను ఇంజనీరునయ్యాను, ఆమె నాన్నగారి తరవాత కూడా చాలాకాలం ఆ మోటెల్ కౌంటర్ వెనకే ఉండిపోయింది.

మా అమ్మాయి అద్దంలో మసి చూసుకుని మురుస్తూ, "అత్తా, నువ్వు కిడ్ అప్పుడు వర్క్ చేశావా?" అని అడిగింది. కాటుక వేలు రెండో బుగ్గ మీదికి వెళ్ళింది. "లేదమ్మా, సాయం చేశాను" అంది అక్కయ్య.

మా అమ్మాయికి తన పక్క తాను సర్దుకోవడం రాదు, రానక్కర్లేదనే పెంచాం. సాయంత్రం అది మసి కడుక్కుని గదిలోకి వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మార్చి ఉంది. మూలలు కాగితం మడతల్లా ఉన్నాయి.