అత్త ఇంటి అడ్రసు

మస్కట్‌లో నేను పనిచేసే ఆఫీసు మూతపడబోతోందని తెలిసిన వారమే నేనూ, మస్కట్‌లోనే వేరే చోట పనిచేసే నా ప్రేమికుడూ పెళ్లి కాగితాల సంగతి ఆలోచించడం మొదలుపెట్టాం. అక్కడ నా రెసిడెన్సీ ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే దేశం విడిచి రావాల్సిందే. పెళ్లి సర్టిఫికెట్ ఉంటే మాత్రం అతని స్పాన్సర్‌షిప్ మీద ఉండిపోవచ్చు. అతను కేరళలోని కాసరగోడ్ ముస్లిం. నేను ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగు హిందువుని. ఎవరూ మతం మారకుండా పెళ్లాడాలంటే ప్రత్యేక వివాహ చట్టం ఒక్కటే దారి. దానికి ఇద్దరిలో ఒకరు ఏదో ఒక జిల్లాలో ముప్పై రోజులు నివాసం ఉండి, అక్కడ నోటీసు ఇచ్చి, ఇంకో ముప్పై రోజులు ఆగాలి.

కాసరగోడ్‌లో వాళ్ల అక్క ఉంది, అక్కడికి వెళ్లమని అతను అన్నాడు. బిలాస్‌పూర్ వెళ్తానని పట్టుబట్టింది నేనే. మా అత్త కోసం.

అత్త మా నాన్న చెల్లెలు. నా ఆరో ఏట అమ్మ పోయింది. నాన్న గూడ్స్ గార్డు, డ్యూటీకి వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. నాకు జడలు వేసి, టిఫిన్ డబ్బా కట్టి, జ్వరం వస్తే రైల్వే ఆసుపత్రికి ఎత్తుకెళ్లింది అత్తే. నాన్న కూడా పోయాక నావాళ్లని చెప్పుకోవడానికి అత్త, మామయ్య మిగిలారు. ఫోన్లో అతని గురించీ, కాసరగోడ్ వెళ్లే సంగతీ అత్తకి చెప్పాను. అంతా విని అంది:

"అచ్ఛా. ఎవరింట్లోనో ఉండి పెళ్లి చేసుకోడం ఏటమ్మా? నీకెవరూ లేరా? మా ఇంటికొచ్చీ. రెండు నెలలుండు. సాక్షి సంతకం నేనే పెడతాను."

ఫోన్ పెట్టేసి ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను, సంతోషంతో.

అలా బిలాస్‌పూర్ రాజ్‌కిశోర్ నగర్‌లో, రిటైరయ్యాక వాళ్లు కట్టుకున్న ఇంటికి చేరాను. నా ఆధార్ మీద నాన్న క్వార్టరు అడ్రసే ఉంది. అందులో ఇప్పుడు వేరే ఎవరో ఉంటున్నారు. కాబట్టి నేను ఎక్కడ ఉంటున్నానో చెప్పే కాగితం అత్తే ఇవ్వాలి. మామయ్య హిందీలో రాశాడు, అత్త కింద తెలుగులో సంతకం పెట్టింది. ఆమెకు హిందీలో రాయడం రాదు. ముప్పై రోజులు గడిచాక కలెక్టరేట్‌లో నోటీసు దరఖాస్తు ఇచ్చాను. పోలీసు ఠాణా నుంచి ఎవరైనా వచ్చి అడ్రసు చూసి వెళ్తారని అక్కడి గుమాస్తా చెప్పాడు.

ఆ రోజుల్లో అత్త నన్ను ఎంత బాగా చూసుకుందో చెప్పాలి. రోజూ పొద్దున్నే లాల్ భాజీ, అదే ఎర్ర తోటకూర, తెచ్చేది, నాకు ఇష్టమని. పెళ్లి రోజుకి చీర కొందామని గోల్ బజార్ తీసుకెళ్లింది. ఆకుపచ్చ చీర నా భుజం మీద వేసి, "ఇది బాగుంది నీకు" అని షాపులో అద్దం ముందు నిలబెట్టింది. కొనలేదు. దగ్గర పడ్డాక కొందామంది.

పది రోజులు గడిచినా ఎవరూ రాలేదు. అడగడానికి మళ్లీ కలెక్టరేట్‌కి వెళ్లాను. గుమాస్తా ఫైలు తిప్పి, నా ముఖం చూసి, హిందీలో నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, మీరు ఆ ఇంట్లో ఉండటం లేదట కదా. రిపోర్టు వచ్చేసింది."

పొరపాటేమో అన్నాను. ఆయన ఫైలు నా వైపు తిప్పాడు. ఈ అమ్మాయి మా ఇంట్లో ఉండటం లేదు, ఒకటి రెండుసార్లు చూడటానికి మాత్రం వచ్చింది అని హిందీలో ఉంది. కింద గుండ్రటి తెలుగు సంతకం. నా స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద, నాన్న డ్యూటీలో ఉన్న ప్రతిసారీ, పెట్టిన సంతకం.

పక్కన తేదీ చూశాను. గురువారం. ఆ గురువారం అత్త నన్ను సీపత్ పంపింది, అక్కడ టౌన్‌షిప్‌లో ఉండే తన కూతురికి ఆవకాయ జాడీ ఇచ్చి రమ్మని. "సాయంత్రం దాకా ఉండి రా, దానికి తోచట్లేదు" అని మరీ మరీ చెప్పింది.

ఆటోలో అర్పా నది వంతెన దాటుతుంటే అతనికి ఫోన్ చేద్దామనుకుని, ఏం చెప్పాలో తెలియక మానేశాను. ఇంటికి వెళ్లేసరికి అత్త వంటింట్లో కింద కూర్చుని ఆకుకూర ఏరుతోంది.

"తిన్నావేటి?" అంది తలెత్తకుండా.

"పోలీసు వచ్చినట్టు నాకెందుకు చెప్పలేదత్తా?"

చేతులు ఆగాయి. "ఎవరు చెప్పారు?"

"నీ సంతకం చూశాను."

కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేను వద్దనలేదు కదమ్మా. ఒక్కసారైనా వద్దన్నానా? నాలుగు నెలలు ఆలస్యమైతే నీ మనసే మారిపోద్దనుకున్నాను. మీ నాన్న ఉంటే ఏటి చేసేవాడో అదే చేశాను."

"వద్దని ఉంటే బాగుండేది. కాసరగోడ్ వెళ్లేదాన్ని. నన్ను ఇక్కడికి రమ్మన్నది ఇందుకేనా?"

అత్త ఆకుకూర మళ్లీ ముందుకు లాక్కుంది. మామయ్య ముందు గదిలో కుర్చీలో ఉన్నాడు. "మామయ్యా, ఆ రోజు మీరు ఇంట్లో లేరా?" అని అడిగాను.

"ఉన్నానమ్మా," అన్నాడు. "ఆ పోలీసాయనకి టీ కూడా ఇచ్చాం. నాకు నోరు రాలేదు."

మర్నాడు పొద్దున్న రైలెక్కాను. స్టేషన్‌కి మామయ్య వస్తానంటే వద్దన్నాను. గుమ్మం దాటుతుంటే అత్త పులిహోర పొట్లం చేతిలో పెట్టబోయింది. తీసుకోలేదు. అంతకన్నా కఠినంగా ఉండటం నాకు చేతకాలేదు.

కాసరగోడ్‌లో ముప్పై రోజుల లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి. అతని అక్క స్కూల్ టీచరు. నాకు మలయాళం రాదు, ఆవిడకి తెలుగు రాదు, వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవాళ్లం. ఈలోగా మస్కట్‌లో నా ఆఫీసు మూసేశారు, నా రెసిడెన్సీ రద్దయింది. పెళ్లి జరిగింది. సర్టిఫికెట్ మీద ముద్రలన్నీ వేయించుకుని తిరిగి మస్కట్ చేరాను. అంతకుముందు సొంత ఉద్యోగంతో ఉన్న దేశానికి ఈసారి ఫలానా వారి భార్యగా వచ్చాను. మళ్లీ ఉద్యోగం దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. "నేను ముందే చెప్పాను" అనే హక్కు అతనికి ఉంది. అయినా అనలేదు.

అత్త ఆదివారాలు ఫోన్ చేస్తుంది. ఎత్తుతాను. ఎత్తకుండా ఉండటానికి చాలాసార్లు ప్రయత్నించాను. మోకాలి నొప్పి, ఎండలు, కొళాయి నీళ్ల గురించి మాట్లాడుతుంది. బంధువులకి మాత్రం ఆ పెళ్లి దగ్గరుండి తనే జరిపించినట్టు చెబుతోందని విన్నాను. ఖండించలేదు. ఎవరికని చెప్పను?

మొన్న ఆదివారం మొదటిసారి అతని గురించి అడిగింది. "మీ ఆయనకి తినడానికి ఏటిష్టం?"

చేపల పులుసు ఇష్టం, మా ఉత్తరాంధ్ర పద్ధతిలో వండితే. ఆ పులుసు వండటం నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే.

"ఏదైనా తింటాడత్తా" అని, పని ఉందని ఫోన్ పెట్టేశాను.