నిండు ఆవలింత

ఫైబ్రోమయాల్జియా వచ్చాక ఒళ్లంతా నొప్పులే. వాటికి ఎలాగో అలవాటు పడ్డాను. దవడ కూడా పట్టేసినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లోని మా ఫ్లాట్‌లో పప్పన్నం కూడా మెత్తగా పిసుక్కుని స్పూన్‌తో తినేదాన్ని. అన్నిటికంటే భయం ఆవలింతంటే. నోరు తెరిస్తే దవడ కలుక్కుమని అక్కడే బిగుసుకుపోయేది. అందుకని ఆవలింత వస్తుంటే గడ్డం కింద పిడికిలి పెట్టి ఆపేసేదాన్ని. ఆఫీసు మీటింగుల్లో అది చూసినవాళ్లు నేనేదో తెగ ఆలోచిస్తున్నాననుకునేవారు.

మా ఆయనకు నా మీద ప్రేమ ఎక్కువ, వేళ్లలో బలం ఇంకా ఎక్కువ. "గట్టిగా పిసికితేగానీ పట్టు వదలదు" అంటూ కొబ్బరినూనె రాసి చెంపలు పిసికారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మర్నాడు మాట్లాడటమే కష్టమైపోయింది.

మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, పంపితే ఫిజియో దగ్గరికి వెళ్లాను. నడివయసు ఇంగ్లీషావిడ. గ్లవ్స్ వేసుకుని, ఒక వేలు నోటి లోపల, ఒకటి బయట పెట్టి చెంప కండను మెత్తగా పట్టుకుని కూర్చుంది. ఇదేం వైద్యమని లోలోపల విసుక్కున్నాను. ఆవిడ వేలు తీయగానే, "ఇంకా గట్టిగా నొక్కండి, ఓర్చుకుంటాను" అన్నాను. పంటి బిగువున భరించడం మా ఇంటి ఆడవాళ్ల గొప్ప మరి.

"ఓర్చుకోవద్దు. నొప్పి పుడితే మీ కండ ఇంకా బిగుసుకుంటుంది. నొప్పి మొదలవగానే చెయ్యెత్తండి, ఆపేస్తాను" అంది.

చెయ్యెత్తిన ప్రతిసారీ ఆపేసింది. ఇంత నొప్పి ఉంటుందా అని ఒక్కసారీ అడగలేదు. అప్పటిదాకా ఎంతమందికి చెప్పుకున్నానో, ఎంతమంది అనుమానంగా చూశారో! ఆవిడ చల్లగా ఉండాలి.

తర్వాత మా ఆయన్ని కూడా రమ్మంది. ఆయన వేళ్లను తన చేతి మీద పెట్టించుకుని, ఎంత తేలిగ్గా నొక్కాలో నేర్పింది. ఆయన బుద్ధిగా నేర్చుకున్నారు. రోజూ గిన్నెలు కడిగాక, గోరువెచ్చటి చేతులతో నా చెంపలు సవరించేవారు. ఒళ్లునొప్పులు పోలేదు. దవడ మాత్రం మెల్లమెల్లగా వదులైంది.

ఒక ఆదివారం సాయంత్రం సోఫాలో అలా సవరిస్తుంటే ఆవలింత వచ్చింది. ఆపుకోవాలని కూడా గుర్తు రాలేదు. నోరంతా తెరుచుకుంది, మళ్లీ దానంతటదే మూసుకుంది. ఆయన చేతులు ఆగిపోయాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడాయన చంటిపిల్లకు వేసినట్టు నా నోటి ముందు చిటిక వేశారు. మా అమ్మ తర్వాత నాకు చిటిక వేసింది ఆయనే.