కూడలి మాట సారుదే

మిర్యాలగూడ చౌరస్తా పక్క సందులో ఉండే తెలుగు సారు మొన్న బుధవారం కన్నుమూశారు. కోదాడ సెంటర్లో సువార్త సభకు మైకు సరిచేసుకుంటుండగా నాకు ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రం నేను చెప్పబోతున్నది ఆయన మాటే. అది ఆయనదని నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

కొన్నేళ్ల కిందట ఆ చౌరస్తాలోనే నిలబడి, ఇక్కడి నాలుగు దారుల్లో మూడు నరకానికే పోతాయని గొంతు చించుకుని అరిచాను. ముగించగానే సారు చేయి పట్టుకుని తీసుకుపోయి టీ ఇప్పించారు.

"ఏమయ్యా, మూడు తొవ్వలు నరకానికి పంపినవ్. మా ఇల్లు రెండో తొవ్వల ఉన్నది. సామాన్లు సదురుకోవాల్నా?"

నేను నవ్వలేదు. ఆయనే అందుకున్నారు.

"కోదాడోళ్లకు సెంటర్, మనకు చౌరస్తా. ఉర్దూల నుంచి వచ్చింది, నాలుగు తొవ్వలని. అది తొవ్వలను లెక్కపెడ్తది. మన పాత మాట కూడలి. కూడుడు అంటే కలుసుడు. తొవ్వలు కలిస్తె ఏమున్నది, మనుషులు కలవాలె. నువ్వు గీడ నిలబడి మనుషులను పిలుస్తున్నవా, ఎల్లగొడ్తున్నవా?"

ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఒక మాటను అంత ఓపిగ్గా విప్పి చూపినవారు లేరు. నా గొంతు బొంగురుపోతే సారు పటికబెల్లం, మిరియాలు పొట్లం కట్టి ఇచ్చేవారు. "జర మెల్లగ చెప్పు. దేవునికి చెవుడు లేదు" అనేవారు.

తర్వాతి నెల సూర్యాపేట సభలో కూడలి గురించే చెప్పాను. జనం కళ్లు తుడుచుకున్నారు. ఆ ఊపులో, "ఈ మాట ప్రార్థనలో దేవుడే నాకు చూపించాడు" అన్నాను. అప్పుడు కనబడ్డారు, చివరి వరుసలో సారు. నా నాలుక తడబడింది. ఆయన చేయి కొంచెం ఎత్తి, కానియ్ కానియ్ అన్నట్టు ఊపారు. సభ అయ్యాక "గొంతు ఎట్లున్నది?" అని మాత్రం అడిగారు.

మన సంఘం పత్రిక చదివే మీలో చాలామంది ఆ ప్రసంగం విన్నారు. తోటివాడి మాట దొంగిలించి దేవుడు పలికించాడనే ప్రవక్తల మీద దేవుని కోపం ఎలాంటిదో లేఖనం తెరిచి మీకు చదివిందీ నేనే. వచ్చే సభలో ఒప్పుకుందామని ప్రతిసారీ అనుకున్నాను. కోదాడలో ఆ సాయంత్రం కూడా నోరు పెగల్లేదు. వేరే సంగతి చెప్పి దిగిపోయాను.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ మాట నాకు ప్రార్థనలో దొరకలేదు. సారు చెప్పారు, టీ కూడా ఆయనే ఇప్పించి. సారు చేత దేవుడే చెప్పించాడని తప్పించుకోవాలని ఉంది. తప్పించుకోను.

తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందని మీకు బోధిస్తుంటాను. నాకు దిగలేదు. చివరి వరుసలో ఆ చేయి ఇంకా లేచే ఉంది. కానియ్, కానియ్.