ఆ ఇద్దరి మాట తీసేయకండి

మొగుడూ పెళ్లాలు మాటలు మానేస్తే పెద్దమనుషులు వస్తారు. జంటగా బతికే ఇద్దరు ఆడవాళ్లు మాటలు మానేస్తే ఎవరొస్తారు? చెప్పండి! వచ్చే ఒక్క మనిషీ మొన్న పోయింది. వనపర్తిలో కుటుంబాలకు కౌన్సిలింగ్ చేసే మా మేడం ఇక లేదని ఎస్టీడీ బూత్‌కు ఫోనొచ్చింది. ప్రసంగానికని చేతిలో బైబిలు గ్రంథం తెరిచే ఉంది. ఒక్క వాక్యమూ కనబడలేదు నాకు.

గొడవపడి ఆమె దగ్గరికి ఎవరొచ్చినా ఛాయ్ ఒక్క గ్లాసే. ఒకరు మాట్లాడుతుంటే గ్లాసు రెండోవాళ్ల చేతిలో పెట్టేది. "నోట్ల ఛాయుంటే మాట అడ్డం రాదు" అనేది. వాక్యం పట్టుకుని ఊగిపోయే నాకు ఎన్నిసార్లు ఇచ్చిందో! "ప్రసంగాలాయనా, జర తాగు. దేవుడు గూడ వింటడు గద!"

ఒకసారి గద్వాలలో ఓ మగ్గం ఇంటికి నన్నూ తీసుకుపోయింది. అంచు రంగు వేరు కాబట్టి గద్వాల చీర నేయడానికి ఇద్దరు కూర్చోవాలి. మామూలుగా ఆలుమగలు కూర్చుంటారు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు. మగ్గమూ ఒకటే, కాపురమూ ఒకటే. అలిగి మాటలు మానేశారు, చీర సగంలో ఆగింది. వాళ్లలో పెద్దామె తల్లి మూలన కూర్చుని సణుగుతోంది.

"పెండ్లి చేస్కోమంటే ఇద్దరు కలిసి మగ్గమెక్కిరి. గిదేం సంసారం మేడం?"

"అలుగుతుండ్రు, కొట్లాడుతుండ్రు. ఒకరు తినకుంటే ఇంకొకరు ముద్ద ముడ్తలేరంటివి. సంసారం గాకపోతే ఏందమ్మా?"

ముసలామె నవ్వు ఆపుకోలేకపోయింది. మొగుడు పోయినా అత్తను విడవకుండా వెంట నడిచిన కోడలి కథ గ్రంథంలోంచి చదివాను.

"గసొంటి కోడలు మా ఇండ్లల్ల యాడుంటది సామీ!"

"నీ ఎదురుంగనే కూసుంది, సూడు" అంది మేడం.

తర్వాత ఛాయ్ గ్లాసు చిన్నామె చేతికిచ్చి పెద్దామెను మాట్లాడమంది. గ్లాసు చేతులు మారింది. మేం సందు దాటకముందే మగ్గం చప్పుడు వినబడింది.

జంటల గొడవల మీద మేడం ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. తాను చదివిన పరిశోధనల్లో ఇలాంటి జంట ఒక్కటీ కనబడలేదని బాధపడేది. ఆ ఇద్దరూ "పేర్లొద్దు మేడం, మా మాట రాయుండ్రి" అన్నారు. రాసింది. ఆఫీసులో పైనున్న సారు ఆ భాగం తీసేయమన్నాడు.

"తీసేస్తే నా పని అల్కగైతది సార్. వాళ్ల కష్టం అల్కగైతదా?"

తీయలేదు. అచ్చు ఆగిపోయింది. అది అచ్చులో చూడకుండానే ఆమె వెళ్లిపోయింది.

ఇవాళ సాయంత్రం ఆమె జ్ఞాపక సభ. ఆ పరిశోధన అచ్చు వేద్దాం, ఆ ఇద్దరి భాగం మాత్రం వద్దు అని కొందరు పెద్దలు నిర్ణయించబోతున్నారు. వాళ్లిద్దరూ గద్వాల నుంచి వచ్చి చివరి వరుసలో కూర్చుంటారు. తామెవరో తెలిసిపోతుందన్న భయంతో నోరు తెరవలేరు. మనం తెరవాలి. సభలో ఛాయ్ పంచుతారు. ఇవాళొక్కరోజు ఆ గ్లాసు ముట్టకండి. లేచి నిలబడి మాట్లాడండి!