ఒక్క పిక్కతో మాట్లాడమన్న మాస్టారు

మా సోషల్ మాస్టారు పోయి మూడు వారాలైంది. ఆ గురువారం మధ్యాహ్నం నేను జగ్గయ్యపేట బస్టాండులో ఉండగా రూతు ఫోన్ చేసింది. "అక్కా, మాస్టారు ఇక లేరంట. గుండెనొప్పంట." నా నోట మొదట వచ్చిన మాట "మరి పడవ?" అని. రూతు ఏడుస్తూనే, "నేనూ అదే అనుకున్నా అక్కా" అంది.

పడవ సంగతి చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి.

రిటైరయ్యాక మాస్టారు నందిగామలో తమ ఇంటి వరండాలో, ఆదివారం చర్చి అయ్యాక, మాతో ఒక ఆట ఆడించేవారు. బోర్డు ఉండదు, పావులుండవు. ఆయన కథ చెబుతారు. మేము తలా ఒక మనిషిని కల్పించుకుని ఆ కథలోకి దిగి, ఏం చేస్తామో చెబుతాం. విజయవాడలో పాత పుస్తకాల కొట్లో దొరికిన ఇంగ్లీషు రూల్సు పుస్తకం దానికి ఆధారం. అందులో సగం పేజీలు లేవు. ఆ సగం ఆయనే తయారుచేసుకున్నారు. పాచికలకు బదులు, ఒక వైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు. బలం, తెలివి, వైద్యం, మాట, ఇలా ఆరు గుణాలకు ఇరవై నాలుగు పిక్కలు పంచుకోవాలి. ఏదైనా చేయబోతే ఆ గుణానికున్న పిక్కల్ని స్టీలు గ్లాసులో గిలకరించి బోర్లిస్తాం. ఒక్క తెల్లది పడినా పని జరిగినట్టే.

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. ఒక్క సబ్జెక్టు పోయినా అమ్మతో మిరప కోతకు వెళ్ళాల్సిందేనన్న భయంతో చదివాను. అందుకే మొదటి రోజు ఆరు గుణాలకూ తలా నాలుగు పిక్కలు పెట్టాను. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని కాగితం చూశారు.

"ఇదేంటమ్మా, అన్నీ నాలుగే?"

"అన్నిట్లో పాసవ్వాలి కదండి."

ఆయన నవ్వలేదు. "ఇది మార్కుల లిస్టు, మనిషి కాదు. ఈవిడకి ఏది చేతకాదో చెప్పు."

చాలాసేపు ఆలోచించి, మాట దగ్గర ఒక్క పిక్కే ఉంచి మిగతా మూడూ వైద్యానికి మార్చాను. "హమ్మయ్య, మనిషొచ్చింది. రామ్మా, కూర్చో" అన్నారు, నాతో కాదు, కాగితంతో!

సిమెంటు కొట్టు నడిపే సంతోష్‌కి ప్రతిదానికీ కొట్లాటే. తలుపు కనిపిస్తే తట్టడు, "తంతా సార్" అంటాడు. నర్సింగ్ చదివే రూతు రాక్షసుణ్ణి కూడా "తిన్నావా అన్నయ్యా?" అని పలకరిస్తుంది. కోర్టులో పనిచేసే టైపిస్టు గారైతే, "రూలు ప్రకారం కుదరదండి" అని మాస్టారినే ఆపేవారు. నేనేమో అందరి వెనకా నిలబడి కట్లు కట్టేదాన్ని.

మాస్టారు ఎవరినీ మార్చాలని చూడలేదు. "నలుగురు నాలుగు ఆకళ్ళతో వస్తారు. అందరికీ వడ్డించాలి" అనేవారు. సంతోష్‌కి ఒక పోట్లాట, రూతుకి ఒక కొత్త మనిషి, టైపిస్టు గారికి రూల్లో ఒక సందు. నాకు మాత్రం కాస్త నిశ్శబ్దం వడ్డించేవారు. కథ ఆపి, నా వైపు చూసి, ఎదురుచూసేవారు.

పిక్క నల్లగా పడితే నా ప్రాణం పోయినంత పనయ్యేది. ఆయనకి మాత్రం హుషారొచ్చేది. చేతులు రుద్దుకుని, "అయితే ఇప్పుడేం చేస్తావు?" అనేవారు. ఫెయిలయ్యాక కూడా అడిగే ప్రశ్న ఒకటుంటుందని నాకు అక్కడే తెలిసింది.

చివరి ఆదివారం కథలో మున్నేరు పొంగింది. రూతు కల్పించుకున్న మనిషిని పాము కరిచింది, స్పృహ లేదు. అవతలి ఒడ్డుకు చేరిస్తేనే బతుకుతుంది. పడవవాడేమో బిడ్డకు జ్వరమని కదలనంటున్నాడు, వైద్యులంటే నమ్మకం లేదంటున్నాడు. "పడవ లాక్కుందాం సార్!" అన్నాడు సంతోష్. మాస్టారు నా వైపు చూశారు. పడవవాణ్ణి ఒప్పించాల్సింది నేనే. ఉన్నది ఒక్క పిక్క.

"వచ్చే ఆదివారం చెప్తానండి" అన్నాను.

"సరే, పడవ ఆగుద్ది. నువ్వు మాత్రం రావాలి."

నేను వాయిదా వేశాను. ఆయన వెళ్ళిపోయారు.

మొన్న ఆదివారం ఆంటీని పలకరించడానికి నలుగురం వెళ్ళాం. మాస్టారి భార్య ఆవిడ. టీ ఇచ్చి, పిక్కల డబ్బా, గ్లాసు తెచ్చి మధ్యలో పెట్టారు. "రెండేళ్ళుగా వంటింట్లోంచి వింటున్నా. ఆయన లేరని రూతుని ఒడ్డున వదిలేస్తారా?"

"రూలు ప్రకారం కథ చెప్పేవాళ్ళు..." అన్నారు టైపిస్టు గారు.

"ఆ పేజీ చిరిగిపోయింది లెండి" అంటూ ఆంటీ మాస్టారి కుర్చీలో కూర్చుని, గొంతు మార్చి నన్ను అడిగారు. "పడవవాణ్ణి నేను. నిన్నెందుకు నమ్మాలమ్మా?"

"నాకు మాటలు రావయ్యా. నీ బిడ్డ పక్కన కూర్చుంటా. జ్వరం దిగేదాకా లేవను" అన్నాను. ఒక్క పిక్క గ్లాసులో వేసి గిలకరించి బోర్లించాను. నాలుగు తలలు ముందుకు వంగాయి.

"ఎత్తవే డాక్టరమ్మా!" సంతోష్ ఆగలేకపోతున్నాడు.

ఎత్తాను. గచ్చు మీద నల్లగా, నున్నగా మెరుస్తోంది పిక్క.

ఆంటీ చేతులు రుద్దుకున్నారు, అచ్చం ఆయనలాగే. "అయితే ఇప్పుడేం..."

ఆవిడ మాట పూర్తయ్యేలోపే నేను పడవవాడి గుమ్మంలో చతికిలబడి, బిడ్డ పేరేంటని అడుగుతున్నాను.