మా అత్త మక్కగింజ కుట్టు

మొన్న మంగళవారం పొద్దున కోరుట్ల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది. ఛాయ్ తాగి ఒరిగింది, మళ్ల లెవ్వలే. జల్ది రా," అన్నాడు. నేనప్పుడు జగిత్యాలలో, ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే కేంద్రంలో ఉన్నాను. నా ముందు పిల్లలు బట్ట పరుచుకుని, తలలు వంచి కుడుతున్నారు. వాళ్లకు ఆరోజు నేర్పుతున్నది మా అత్త కుట్టు. అది ఆమెదని వాళ్లకు తెలియదు. నాదని నేనే చెప్పాను.

అందుకే ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇక ఆమెను క్షమించమని అడిగే వీలు లేదు కదా అని మళ్లీ మళ్లీ అనుకున్నాను.

ఆమె మా నాయినకు చెల్లెలు, నాకు మేనత్త. సిరిసిల్లకు ఇచ్చారు. మామ సాంచాల మీద పనిచేసేవాడు. పగలూ రాత్రీ మరమగ్గాల చప్పుడే. దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడి ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఒక ట్రంకు పెట్టె, మగ్గాల కింద రాలిన దారం పోగులు ఉండచుట్టిన మూట పట్టుకుని ఆమె కోరుట్లకు, మా ఇంటికి వచ్చేసింది. నాయిన కల్లు గీయడానికి తాళ్లు ఎక్కేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. అత్త కూడా చాట ముందేసుకుని అమ్మ పక్కన కూర్చుంది. బీడీలు బతకడానికి చుట్టేది. మధ్యాహ్నం తిన్న తర్వాత వాకిట్లో బొంతలు కుట్టేది, అది మాత్రం తన కోసం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు జ్వరం వచ్చి కొన్నాళ్లు బడికి పోలేదు. అత్త పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, గాలికి లేవకుండా మూలల మీద రాళ్లు పెడుతోంది. నాలుగో మూలకు రాయి దొరకలేదు.

"ఏయ్ పిల్లా, రా. గీ మూల మీద కూసో. కదిలినవంటే బొంత వంకర పోతది," అంది.

నేను రాయిలాగా కూర్చున్నాను. నా కుట్టు చదువు అక్కడ మొదలైంది. కదలకూడదు కాబట్టి ఆమె చేతిని చూడటం తప్ప వేరే పని లేదు. రెండు చిన్న కుట్లు, కొంచెం ఖాళీ, మళ్లీ రెండు. కింది వరసలో ఆ ఖాళీల కింద రెండేసి. వరసలు పెరిగేకొద్దీ బట్ట మీద మక్కకంకి గింజలు తేలినట్టు కనిపించేది. జ్వరం తగ్గిన తర్వాత కూడా బడి నుంచి రాగానే ఆ మూల మీద కూర్చునేదాన్ని.

"గిట్ల ఎవలు నేర్పిండ్రత్తా?" అని ఒకసారి అడిగాను.

"ఎవలు నేర్పుతరు? సిరిసిల్లల సాంచాలు ఊకె మొత్తుకుంటుండె. చెవులు మూసుకుంటే ఆగుతదా? టక్ టక్ అంటే రెండు కుట్లు ఏసిన. జరంత ఆగితే నేను గూడ ఆగిన. గట్ల కుట్టుకుంటె పోతే చప్పుడు బాధ తెల్వలే," అంది.

ఎవరైనా పాత చీరలు తెచ్చి బొంత కుట్టమంటే, ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఎవలు పండుకుంటరు?" ముసలివాళ్లకైతే పలచగా, తమంతట తామే మడిచి పెట్టుకునేలా కుట్టేది. పసిపిల్లలకైతే తొందరగా ఆరాలని పైన పాత ధోతి వేసేది. ముడి ఎప్పుడూ లోపలి పొరలోకే పోవాలి. నేను పైన ముడి వేస్తే దాని మీద నా వేలు పెట్టి నొక్కేది. "కుట్టు కండ్లకు గాదు బిడ్డా, పండుకున్నోళ్ల ఈపుకు తెల్వాలె. ఈపుకు గుచ్చుకున్నదంటే నువ్వు కుట్టనట్టే."

నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి అమ్మ నా చేతికి కత్తెర, తునికాకు ఇచ్చింది. బీడీలు చుడితే ఇంటికి ఆసరా. అమ్మ తప్పేమీ లేదు. అత్త మాత్రం అడ్డం పడింది.

"వదినా, దాని వంతు నేను చుడుత. మాపటిజాము దాన్ని సూది పట్టనీ."

"సూది పట్టి ఏం జేస్తది? బొంతలు కుట్టి బతుకుతదా?" అంది అమ్మ.

"ఏమో. దాని చెయ్యి మంచిగున్నది. ఆకు కత్తిరించుడుల అరగదీయకు."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అత్త ఇద్దరు మనుషుల ఆకు చుట్టింది. ఆమె మెడనొప్పి అప్పటి నుంచే మొదలైందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పటికీ జగిత్యాల అంగట్లో చాటలు అల్లే మనిషి కనిపిస్తే నిలబడిపోతాను. రాయికల్ సంతలో నులక మంచం అల్లుతుంటే చూస్తూ బస్సు పోగొట్టుకున్నాను. చేతితో చేసిన ఏ వస్తువునైనా తిరగేసి, ముడి ఎక్కడ దాచారో చూడనిదే కింద పెట్టలేను. ఆ చూపు ఆమె ఇచ్చింది.

పెళ్లై జగిత్యాల వచ్చాను. మిషన్ నేర్చుకున్నాను, తర్వాత నేర్పే పనిలో చేరాను. సంచుల మీద, దిండు గలీబుల మీద మక్కగింజ కుట్టు వేస్తే అందరికీ నచ్చింది. ఒకరోజు తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ గలీబు చేతిలోకి తీసుకుని, "ఇది ఎక్కడి కుట్టు? ఎవరు నేర్పారు?" అని అడిగింది. చుట్టూ తోటి టీచర్లు ఉన్నారు. "నేనే తయారు చేసుకున్న మేడం," అన్నాను. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. బొంతలు కుట్టే బీడీల మనిషి నేర్పిందని చెప్పడానికి సిగ్గుపడ్డానేమో. అంతకన్నా మంచి కారణం నాకు దొరకలేదు.

కొన్నాళ్లకు నాకు సన్మానం పెట్టారు. అత్తను రమ్మని నేనే పిలిచాను. పెట్టెలో దాచుకున్న సిరిసిల్ల చీర కట్టుకుని వచ్చి మూడో వరసలో కూర్చుంది. మైకు పట్టుకున్నాయన ఆ కుట్టును కనిపెట్టింది నేనేనని చదివాడు. శాలువా కప్పారు. నేను అత్త వైపు చూడలేదు. చప్పట్లలో ఆమె చేతులు కలిశాయో లేదో కూడా చూడలేదు.

సాయంత్రం బస్టాండులో ఆమెను కోరుట్ల బస్సు ఎక్కిస్తుంటే, మెట్టు మీద ఆగి నా మొహంలోకి చూసింది.

"నా పేరు చెప్తే నీ శాలువా చిన్నగైతుండెనా బిడ్డా?"

"అట్ల కాదత్తా, వాళ్లే అట్ల చదివిండ్రు," అన్నాను. మొదటి అబద్ధం మీద ఇంకోటి.

ఆమె లోపలికి పోయి కూర్చుంది.

తర్వాత నాతో పోట్లాడలేదు. పోతే అన్నం పెట్టేది, పిల్లల గురించి అడిగేది. కానీ నేను గడపలో అడుగు పెట్టగానే కుడుతున్న బొంత మడిచి పెట్టె మీద పెట్టేసేది. బీడీల చాట ముందుకు లాక్కునేది. రెండేళ్లలో ఒక్కసారి కూడా నా ముందు సూది పట్టలేదు.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఆమె కుడిచేయి పడిపోయింది. ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంది, కుట్టడం రాలేదు. దవాఖానలో ఇచ్చిన రబ్బరు బంతి పక్కన పడేసి, గోడ వైపు తిరిగి పడుకునేది. ఒక ఆదివారం నాకు పెట్టె చూపించి, "గా బొంత తియ్," అంది. సగంలో ఆగిపోయిన బొంత. "కుట్టు."

ఆమె చూస్తుండగా కుట్టాను. ఒక వరస అయ్యాక ఆమె ఎడమచేతి వేలితో తడిమింది.

"గింజ పెద్దగైంది. ఇప్పు."

వరసంతా విప్పాను. రెండేళ్ల తర్వాత ఆమె నన్ను తప్పు పట్టినందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తా, ఆ దినం సన్మానంల..." అని మొదలుపెట్టాను.

"సూది మీద చూడు. వేలుకు గుచ్చుకుంటది," అంది.

అది క్షమించడమో, వినడం ఇష్టం లేకపోవడమో తేల్చుకోలేకపోయాను. ఎన్నో ఆదివారాలు కూర్చుని ఆ బొంత పూర్తి చేశాను. ఆమెను ఒకసారి జగిత్యాల తీసుకుపోయి, పిల్లల ముందు కూర్చోబెట్టి, కుట్టు ఈమెదని చెప్పాలనుకున్నాను. ఎండలు పోనీ అనుకున్నాను. వానలు తగ్గనీ అనుకున్నాను. బతిమాలితే ఆటోలోనైనా వచ్చేది.

మంగళవారం నేను పోయేసరికి ఆమెను ఆ బొంత మీదే పడుకోబెట్టారు. మధ్యాహ్నం నా దగ్గర నేర్చుకునే పిల్లలు నలుగురు కోరుట్ల వచ్చారు. అందులో ఒక అమ్మాయి బొంత అంచు చూసి నెమ్మదిగా, "మేడం, ఇది మీ కుట్టే గదా?" అంది.

వాకిలి నిండా ఆడవాళ్లు. అందరికీ వినబడేలా చెప్పాను.

"నాది కాదమ్మా. ఆమెది. సిరిసిల్లల ఉన్నప్పుడు ఆమెనే పుట్టించింది. నాకు నేర్పింది. నేనే అబద్ధం చెప్పిన."

ఆ అమ్మాయి తల దించుకుంది. గోడకు ఆనుకుని కూర్చున్న పక్కింటి పెద్దమ్మ నా వైపు చూసింది. "మాకు ఎర్కనే బిడ్డా. ఆమె చేతి బొంతల మీదనే గదా మా పిల్లలు పండుకున్నరు. కని ఆమె ఎన్నడు నీ మీద ఒక్క మాట అనలే," అంది. తిట్టినా ఇంత నొప్పి కలిగేది కాదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

తర్వాత అమ్మాయిలు వరసగా వెళ్లి ఆమె కాళ్లకు దండం పెట్టుకున్నారు. చివరి అమ్మాయి వంగి, బొంత అంచు మీద ఒక వరసను వేలితో మొదటి నుంచి కొస దాకా తడిమింది.

బొంత నాకు కావాలని తమ్ముణ్ని అడిగాను. "పోయినోళ్ల పక్కబట్ట ఇంట్ల ఉంచుకోవద్దక్కా," అన్నాడు. పెద్దవాళ్లూ అదే అన్నారు. పాడె వెంట తీసుకుపోయి వాగు ఒడ్డున పడేశారు.

మూడోనాడు పొద్దున పిట్టకు ముద్ద పెట్టడానికి అందరం వాగు దగ్గరికి పోయాం. పడేసిన చోట బొంత లేదు. ముద్ద పెట్టి, కాకి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డప్పుడు కనిపించింది. కొంచెం ఎగువన, కూలికి వచ్చినవాళ్లు గుడిసెలు వేసుకున్న చోట, ఎవరో దాన్ని వాగులో ఉతికి సర్కారు తుమ్మ కంప మీద ఆరేశారు. ముళ్లకు చిరగకుండా కింద ఒక సిమెంటు సంచి పరిచారు. దగ్గర మనుషులెవరూ లేరు. బొంత బరువుకు కొమ్మ వంగి ఉంది. అంచు నుంచి నీళ్లు ఇసుక మీదికి చుక్కచుక్కగా కారుతున్నాయి.